తూము చూశావా?

మేడం పోయారన్న కబురు నాకు ఆపరేషన్ థియేటర్‌లోనే తెలిసింది. ఇంకెక్కడ విన్నా అంత తొందరగా నమ్మేవాణ్ని కాదేమో. చిలకలూరిపేటలో ఒక చిన్న నర్సింగ్‌హోం అది. నేను మత్తు డాక్టర్ని. బల్ల మీదున్న ఆడమనిషికి అప్పుడే పూర్తి మత్తు ఇచ్చాను. ఇంకా కోత పెట్టలేదు. జేబులో ఫోను అదేపనిగా కొట్టుకుంటుంటే తీసి చూశాను. పాత ఆసుపత్రిలో మాతో పనిచేసిన సిస్టరు పెట్టిన మెసేజి. "మేడంగారు పొద్దున పోయారు సార్."

"ఏమైంది సార్?" అన్నాడు కత్తి పట్టుకుని నిలబడ్డ డాక్టరు. ఆ నర్సింగ్‌హోం అతనిదే. నలభై దాటాయి. ఒకప్పుడు మేడం దగ్గర చదువుకున్నవాడే.

"మేడం పోయారయ్యా."

అతను కత్తి ట్రేలో పెట్టేశాడు. తొడుగులేసుకున్న రెండు చేతులూ ఛాతీ దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత మళ్లీ కత్తి తీసుకుని "మొదలుపెట్టమంటారా?" అనడిగాడు. పెట్టమన్నాను. చావు కబురు విని కూర్చుని ఏడవడానికి వీల్లేని ఉద్యోగాలు మావి. ఏడుపు వస్తే మాస్కు తడుస్తుంది, అంతే.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. బతికుండగా పేరు పెట్టి పిలిచే ధైర్యం చెయ్యలేదు, ఇప్పుడు చేస్తే చాటున చేసినట్టుంటుంది. మేడం అంటే చాలు. గుంటూరు సర్కారు ఆసుపత్రిలో ఆవిడ ఆడవాళ్ల ఆపరేషన్లు చేసే ప్రొఫెసరు. ఏళ్ల తరబడి బల్లకి ఆవిడ ఆ చివర, నేను ఈ చివర. మధ్యలో ఆకుపచ్చ తెర. ఆ తెర మీదుగా నాకు ఆవిడ కళ్లూ, కనుబొమల మధ్య మడతా మాత్రమే కనబడేవి. అందుకే క్యాంటీన్‌లో మాస్కు లేకుండా ఎదురైతే, ముక్కూ నోరూ ఇంకెవరివో తగిలించుకొచ్చినట్టుండేది.

ఓపిక అనేది నా జాతకంలో లేదు. ఆవిడకి అది ఎంతుండాలో అంతకన్నా ఎక్కువే ఉండేది. మా ఇద్దర్నీ ఒకే థియేటర్‌లో పడేసిన సూపరింటెండెంటుని నేను చాలాకాలం తిట్టుకున్నాను. వచ్చిన కొత్తల్లోనే ఆవిడ చేసిన మొదటి పని, గోడ గడియారాన్ని తన వీపు వెనక్కి మార్పించడం. ఇక అది ఆవిడకి కనబడదు, నాకొక్కడికే కనబడుతుంది. ఏంటండీ ఇదని అడిగితే "టైము నువ్వు చూడవయ్యా. లోపల సంగతి నేను చూస్తా" అన్నారు. తక్కిన డాక్టర్లు రెండు ఆపరేషన్లు ముగించి టీ తాగి వచ్చేసరికి ఆవిడ ఒకదాన్లోనే ఉండేవారు. ఆ గడియారం ముల్లు నా గుండెల మీద తిరిగేది.

ఆవిడ కట్టేవన్నీ మంగళగిరి నూలు చీరలే. సన్నంచు, గంజి పెట్టి ఫెళఫెళలాడుతుండేవి. శనివారం నాడు మాత్రం ఆ చీరలు ఫార్మలిన్ కంపు కొట్టేవి. ప్రొఫెసరయ్యాక కూడా ప్రతి శనివారం పొద్దున్నే, మొదటి సంవత్సరం పిల్లలు శవాల్ని కోసి నేర్చుకునే హాలుకి వెళ్లి, వాళ్ల మధ్యలో నిలబడి తనూ చూసుకుని వచ్చేవారు. అన్నీ తెలిసినావిడ మళ్లీ ఏం చూస్తారో నాకు అర్థమయ్యేది కాదు. ఆ రోజు సిస్టర్లెవరూ టిఫిన్‌కి ఆవిడ పక్కన కూర్చునేవాళ్లు కారు. ఒక సిస్టరు ముక్కు మూసుకోవడం చూసి "చచ్చినవాళ్లు ఎంతసేపైనా చూడనిస్తారమ్మా. బతికున్నవాళ్ల దగ్గర మనకి అంత టైము దొరకదు" అని ఇడ్లీ మీద కారప్పొడి చల్లుకున్నారు.

ఆవిడ ఆగేది ఎందుకో ముందు చెప్పాలి. ఆడవాళ్ల పొత్తికడుపులో గర్భసంచి పక్కనే, వేలెడు దూరంలో, మూత్రనాళం పోతుంది. కిడ్నీ నుంచి మూత్రాన్ని కిందికి తెచ్చే గొట్టం అది. వరిగడ్డి పరకంత లావుంటుంది. గర్భసంచికి రక్తం తెచ్చే నాళం సరిగ్గా దాని మీదుగా అడ్డంగా దాటుతుంది. సంచి తీయాలంటే పైనున్న ఆ రక్తనాళాన్ని దారంతో కట్టి కోయాలి. పైదాన్ని కట్టబోయి కిందదాన్ని కడితే ఆ వైపు కిడ్నీ గతి అంతే. డాక్టర్లందరం దీన్ని పుస్తకంలో చదివి పాసైనవాళ్లమే. మేడం మాత్రం దాన్ని తూము అనేవారు.

"మా నాన్న సాగరు కాలవ మీద కాపలా ఉండే లస్కరు" అని కొత్తగా వచ్చిన ప్రతి బ్యాచికీ చెప్పేవారు. "పైన కాలవ పోతుంటది. కింద తూములోంచి వాగునీళ్లు పోతుంటాయి. గట్టు తవ్వేవాడు ముందు తూమెక్కడుందో చూసుకోవాలి. చూడకుండా పలుగు వేశాడనుకో..." ఇక్కడ ఆపేసి, ఒక్కొక్కళ్ల మొహంలోకీ చూసేవారు.

కోత పెట్టాక, ముడి వేయబోయే ముందు, పట్టకారు కొసతో ఆ గొట్టాన్ని మెల్లగా తాకి ఆగేవారు. రక్తనాళమైతే కొట్టుకుంటుంది. పీచైతే ఊరికే పడుంటుంది. మూత్రనాళమొక్కటే, తాకిన కాసేపటికి వానపాములా పాకుతుంది. అది పాకిందాకా ముడి వేసేవారు కాదు, ఎవర్నీ వెయ్యనిచ్చేవారు కాదు. ఆ ఆగిన కాసేపూ థియేటర్‌లో ఎవరికీ పనుండదు. అప్పుడు తెర మీదుగా నా వైపు తిరిగేవారు.

"ఏమయ్యా మత్తు డాక్టరూ, ఇవాళ ఇంట్లో ఏం కూర?"

"దొండకాయండి."

"మొన్నా దొండకాయేగా. మీ ఆవిడకి ఇంకోటి రాదా?"

"నేను తెచ్చేదే అదండి. మార్కెట్లో గబగబా ఏరుకోవచ్చు."

"అనుకున్నాలే. బెండకాయ కొస విరిచి చూసేంత ఓపిక నీకెక్కడిది... అదిగో, పాకింది."

అప్పుడు ముడి పడేది.

ఇదంతా మామూలు కేసుల సంగతి. ఆవిడకి నిద్ర పట్టనివ్వని జబ్బు ఇంకొకటుంది. ఎండోమెట్రియోసిస్ అంటారు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది సంచి బయట, పేగుల మీద, మూత్రనాళాల చుట్టూ మొలుస్తుంది. నెలనెలా అక్కడా రక్తం ఊరుతుంది. బయటికి పోయే దారి లేక అక్కడే గట్టిపడి, పక్కనున్న వాటన్నిటినీ ఒకదానికొకటి అతికించేస్తుంది. ఆ నొప్పి పడే మనిషిని పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. మా వైపు దాన్ని మిరపకాయ వేడి అంటారు. రోజంతా మిరపకాయల్లో కూర్చుంటారు కదా, వేడి చేసిందని మజ్జిగ తాగిస్తారు, సబ్జాగింజలు నానేసి ఇస్తారు. ఏళ్లు గడిచినా తగ్గకపోతే ఊళ్లో సూదులు వేసే ఆరెంపీ ఒక మాట అంటాడు. "పిల్లలు పుట్టారుగా. ఆ సంచి తీయించి పారేస్తే పీడా పోద్ది."

దాన్నే పెద్దాపరేషన్ అంటారు. మా వైపు పెద్దాపరేషన్లకి ఒక కాలముంది. మిరపకోతలు ముగిసి, కల్లాల్లోంచి కాయ ఎత్తేశాక, మళ్లీ పత్తి గింజ పెట్టేలోపు. ఆడమనిషికి కూలిపని ఉండని రోజులు అవే. నిండా ముప్పై దాటని పిల్లలు కూడా అప్పుడే ఆటోలెక్కుతారు. సంచి తీసేసినా, బయట మొలిచింది బయటే ఉంటుందని వాళ్లకి ఎవరూ చెప్పరు. మేడం చెప్పేవారు. మిర్చి యార్డులో మిరపకాయల బస్తాని టిక్కీ అంటారు. "టిక్కీ ఎత్తుకుపోతే నేల మీద రాలిన గింజలు పోతాయా అమ్మా?" అనేవారు. ఆడవాళ్లు తలూపేవాళ్లు. మొగవాళ్లు ఆరెంపీ వైపు చూసేవాళ్లు.

మస్తాన్‌బీది నల్లపాడు. మిరపకాయలకి తొడిమలు తీసే పని. ఆ పనికి పొద్దస్తమానం కిందే కూర్చోవాలి. ఆ పిల్ల నెలలో సగం రోజులు కూర్చోలేకపోయేది. నడుముకి తువ్వాలు బిగించి కట్టుకుని, గోడకానుకుని, నిలబడే తీసేది. తోటివాళ్లు మహారాణి అని ఎగతాళి చేసేవాళ్లట. బడికెళ్లే కూతురొకతి ఉంది. మొగుడు ఆటో తోలతాడు. ఆసుపత్రికి మాత్రం ఎప్పుడూ వాళ్లమ్మే వెంట వచ్చేది.

స్కాన్లో తేలిన సంగతి మేడం నాకు ఆపరేషన్ ముందు చెప్పారు. ఎడమ మూత్రనాళాన్ని జబ్బు ఎప్పుడో నులిమేసింది. అటు కిడ్నీ ఉబ్బి, నీళ్లతిత్తిలా అయిపోయింది. అది చచ్చిపోతున్నట్టు ఆ పిల్లకి తెలియను కూడా తెలియలేదు. ఇక మిగిలింది కుడి కిడ్నీ ఒక్కటే. దాని దారి కూడా ఆ జబ్బు మధ్యలోంచే ఉంది.

ఆ రోజు కడుపు తెరిచాక తెర అవతల చాలాసేపు మాటే లేదు. నేను తొంగిచూశాను. గర్భసంచీ, పేగూ, అండాశయాలూ అన్నీ కలిసి ఒకే ముద్ద. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నాకైతే తెలియలేదు. మేడం ఆ ముద్ద జోలికి పోలేదు. పైకి, జబ్బు లేని చోటికి వెళ్లారు. నడుము ఎముక అంచు దగ్గర, పెద్ద రక్తనాళాల మీదుగా మూత్రనాళం దిగే చోటు ఒకటుంది. అక్కడ దాన్ని పట్టుకుని, కొంచెం కొంచెంగా వలుచుకుంటూ కిందికి వచ్చారు. పీజీలకి ఆవిడ పెట్టే పరీక్ష కూడా ఇదే. మంగళగిరిలో ఒక నేతగాడి భార్యకి ఆవిడ ఆపరేషన్ చేశారు. వాళ్లు పండక్కి స్వీట్లు తెస్తే వద్దని, చిక్కుపడిన నూలు తెమ్మనేవారు. ఆ చిక్కుని పిల్లల ముందు పడేసి "ఒక్క పోగు తెగకుండా విడదియ్యండి. ముందు కొస పట్టుకోండి, మధ్యలో చెయ్యి పెట్టకండి" అనేవారు.

కుడి మూత్రనాళం కొంతదూరం బాగానే వచ్చింది. తర్వాత ఆ గట్టి ముద్దలోకి దూరి మాయమైపోయింది. పట్టకారుతో తాకి ఆగారు. పాకలేదు. ఇంకోచోట తాకి ఆగారు. రక్తం ఊరుతోంది. బీపీ పడిపోతోంది. "మేడం, ఇంక లాభం లేదు, ఏదో ఒకటి తేల్చండి" అని అరిచాను. ఆ రోజు ఆవిడ నన్ను కూర సంగతి అడగలేదు.

"కుట్టేస్తున్నానయ్యా" అన్నారు.

బయట వరండాలో వాళ్లమ్మ ఎదురొచ్చింది. సంగతి చెబితే ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు లేచింది.

"నా బిడ్డ కడుపు కోసి ఊరికే కుట్టేశారా? సంచి తియ్యలేదా?"

"తియ్యలేదమ్మా. మీ అమ్మాయికి ఉన్నది ఒక్క కిడ్నీ. దాని దారి నాకు కనబడలేదు. కనబడని చోట కత్తి పెట్టను."

"కనబడకపోతే ఎందుకు కోశారండీ మరి?" అన్నాడు, ఆ రోజు వెంట వచ్చిన మొగుడు.

"కోస్తేగాని తెలియలేదు నాయనా. ఇది నా ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. కిడ్నీ డాక్టర్లు ముందు ఆ దారిలో సన్నగొట్టం పెడతారు. పేగుల డాక్టరు కూడా పక్కనుంటాడు. అందరం కలిసి చేస్తాం. అప్పటిదాకా బిళ్లలు వాడాలి."

"మళ్లీ కోస్తారా!" అంది తల్లి. ఆ మాట వరండా అంతా వినబడింది. సాయంత్రానికి ఆసుపత్రిలో ఆవిడకి కోసికుట్టు మేడం అని పేరొచ్చింది.

మర్నాడు వార్డులో మేడం మస్తాన్‌బీ మంచం మీదే కూర్చోవడం చూశాను. ఆ పిల్ల చెయ్యి తీసుకుని, మణికట్టు మీద పెన్నుతో ఒక గీతా, దాని కిందుగా పోతున్నట్టు ఇంకో గీతా గీశారు. "ఇది తూము. నువ్వు ఎవరి దగ్గరికెళ్లినా సరే, ఇది చూశాకే కొయ్యండని అడుగు. భయపడకుండా అడుగు."

"అడుగుతానండి" అంది మస్తాన్‌బీ.

ఎండాకాలం వచ్చింది. మేడం చెప్పిన తేదీకి ఆ పిల్ల రాలేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే మేడం శిష్యుల్లో ఒకణ్ని చెప్పాలి. అంత బాగా పనిచేసే చెయ్యి నేను మళ్లీ చూడలేదు. నూలు చిక్కు తక్కినవాళ్లు పొద్దస్తమానం కూర్చుని తీస్తే అతను కబుర్లు చెబుతూ తీసేసేవాడు. ముడి వేస్తే చూడముచ్చటగా ఉండేది. మేడం పొగడరు గానీ, కష్టమైన ముడి వచ్చినప్పుడు ఊరికే పక్కకి జరిగి అతనికి చోటిచ్చేవారు. చదువైపోయాక అతను చిలకలూరిపేటలో నర్సింగ్‌హోం పెట్టాడు. మస్తాన్‌బీని ఆరెంపీ అక్కడికే తీసుకెళ్లాడు. పెద్ద మేడం చేతకాక కుట్టేసిన కేసు సార్ అని చెప్పే తీసుకెళ్లాడు. కుర్రతనం. పైగా అంత మంచి చెయ్యి. టీ తాగినంతసేపట్లో సంచి తీసి ట్రేలో పెట్టాడట. మస్తాన్‌బీ తల్లి అతని చేతులు కళ్లకద్దుకుందట.

ఆ సాయంత్రం నుంచి మూత్రం చుక్క రాలేదు. ఎండలకి ఒంట్లో నీరు చాలక అనుకుని సెలైను మీద సెలైను ఎక్కించారు. మొహం ఉబ్బి, ఆయాసం మొదలయ్యాక మా దగ్గరికి పంపారు. స్ట్రెచరు పక్కన తల్లి ఖాళీ మూత్రం సంచిని చేతిలో ఎత్తి పట్టుకుని నడుస్తోంది. అందులో ఏమీ లేదని ఆమెకి ఎవరైనా చెప్పాలనుకున్నాను, చెప్పలేకపోయాను.

మళ్లీ ఆ కడుపే తెరిచారు మేడం, ఈసారి కిడ్నీ డాక్టరుతో కలిసి. చాలాసేపటికి "ఇటు రావయ్యా" అని పిలిచారు. అన్నేళ్లలో నన్ను తెర అవతలికి పిలవడం అదే మొదలు. అసిస్టెంటుకి నా చోటు అప్పగించి వెళ్లాను. కుడి మూత్రనాళం ఉండాల్సిన చోట లేదు. జబ్బు దాన్ని లోపలికి, గర్భసంచి పక్కకి ఈడ్చుకుపోయింది. అక్కడ దాని నడుం చుట్టూ దారం. పైభాగం ఉబ్బి ఉంది.

"ముడి చూడు" అన్నారు. "ఎక్కడా జారలేదు. ఒక్క పోగు అటూ ఇటూ లేదు. నేను నేర్పిందే."

ఎవరి ముడో పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఆ ముడి నేనూ చాలాసార్లు చూశాను. ఆవిడ దాన్ని కత్తిరించారు. కత్తిరించిన దారాన్ని ట్రేలో పడెయ్యకుండా వేళ్ల మధ్య కొంచెంసేపు అలా పట్టుకునే ఉన్నారు. కనుబొమల మధ్య మడత నేను అంత లోతుగా ఎప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది. కోప్పడితే బాగుండునని అనిపించింది.

కిడ్నీ కాస్త తేరుకుంటున్నట్టే కనబడింది. ఈలోపు చీము పట్టి, రక్తంలోకి పాకింది. రోజు మార్చి రోజు డయాలసిస్ పెట్టారు. స్పృహ ఉన్న ఒక పూట మేడం పక్కన కూర్చుంటే, మస్తాన్‌బీ తన మణికట్టు తడుముకుని అన్నదొకటే మాట.

"అడుగుదామనే అనుకున్నానండి. నిద్రొచ్చేసింది."

ఆ వారంలోనే పోయింది. తల్లి ఎవర్నీ ఏమీ అనలేదు. పాపకి చెప్పులేసి, చెయ్యి పట్టుకుని, మేడం ముందు నుంచే నడిచి వెళ్లిపోయింది.

మేడం సర్జన్ల గదిలోకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. పెరుగన్నం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశారు.

"ఆ పిల్ల అడగలేకపోయింది, ఎందుకని?" అన్నారు.

"మత్తులో ఉంది కదండీ."

"మత్తులో ఉన్నప్పుడు ఆమె తరఫున మెలకువగా ఉన్నదెవరు? కోసేవాడు కోతలో ఉంటాడు. సిస్టరు సామాన్లలో ఉంటది. పేషెంటు తల దగ్గర కూర్చునేవాడు ఒక్కడే." వేలు నా వైపు చూపించారు. "ఇకనుంచి నువ్వడుగు. నా దగ్గరైనా సరే, ఎవరి దగ్గరైనా సరే. ముడి వేసే ముందు తూము చూశావా అని అడుగు."

శిష్యుడు తనంతట తనే వచ్చాడు. గది బయట గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. మేడం అతన్ని లోపలికి రమ్మని ఒకే ఒక మాట అడిగారు.

"తూము చూశావా?"

"చూడలేదండి. అక్కడ ఉండదనుకున్నానండి. పుస్తకంలో..."

"పుస్తకంలో ఉన్నది జబ్బు లేని మనిషి."

అంతే. తిట్టలేదు, అరవలేదు. ఆ శనివారం పొద్దున అతను శవాల హాలు ముందు నిలబడి ఉన్నాడు. ఆవిడ వెంట లోపలికి వెళ్లాడు. ఆ తర్వాత పేటనుంచి ప్రతి శనివారం వచ్చేవాడు. వాళ్లిద్దరూ అక్కడ ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు. ఒకసారి కిటికీలోంచి చూస్తే ఏమీ మాట్లాడుకోవడం లేదు. ఆవిడ స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు, అతను కొంచెం కొంచెంగా వలుస్తున్నాడు. ఆ ఏడు మొదలు ఆవిడ పీజీలకి ముడి నేర్పడం మానేశారు. ఎవరైనా అడిగితే "దానికేం, ఎవరైనా నేర్పుతారు" అనేవారు.

రిటైరయ్యాక ఆవిడ మంగళగిరిలో ఉండేవారు. నేనూ ఆ ఆసుపత్రి వదిలి, పిలిచిన నర్సింగ్‌హోంలకి వెళ్లి మత్తిస్తుండేవాణ్ని. చివరిసారి వెళ్లినప్పుడు వాకిట్లో మంచమ్మీద పడుకుని ఉన్నారు. మనిషి సగమయ్యారు. నన్ను చూడగానే కుశలం కూడా అడక్కుండా "అడుగుతున్నావా?" అన్నారు.

"అడుగుతున్నానండి. అందుకే పిలవడం మానేశారు."

అది నిజమే. ముడి వేయబోతుంటే తల దగ్గరనుంచి తూము చూశారా అని అడిగే మత్తు డాక్టర్ని ఏ నర్సింగ్‌హోం భరిస్తుంది? నీ పని నువ్వు చూసుకోమన్నవాళ్లు కొందరు, నవ్వేసి ముడి వేసినవాళ్లు కొందరు. ఆ సంగతే చెప్పాను.

"మరి ఎవరు పిలుస్తున్నారు నిన్ను?"

"మీ శిష్యుడొక్కడేనండి."

"అతనికి పేషెంట్లొస్తున్నారా?" అన్నారు.

"తగ్గిపోయారండి. నెమ్మదిగా చేస్తాడని ఆరెంపీలు పంపడం లేదు. అతన్ని కూడా కోసికుట్టు డాక్టరంటున్నారు."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కళ్లు మూసుకున్నారు.

మేడం పోయిన పొద్దున ఆ నర్సింగ్‌హోంలో బల్ల మీదున్నది మార్టూరు వైపునుంచి వచ్చిన అమ్మాయి. పత్తి తీతలకి వెళ్తుంది. అదే నొప్పి, అవే సబ్జాగింజలు, అదే ఆరెంపీ మాట. స్కాన్లో ఇంత ఉందని తేలలేదు. కడుపు తెరిచాక తెర అవతల మాట ఆగిపోయింది. నేను లేచి తొంగిచూశాను. అదే ముద్ద. అతను పైకి వెళ్లి, మంచిచోట కొస పట్టుకుని, మెల్లగా కిందికి వస్తున్నాడు. ఎడమది దొరికింది, పాకింది. కుడిది ముద్దలోకి దూరి మాయమైంది.

నా జేబులో ఫోను మళ్లీ కొట్టుకుంది. దేహాన్ని మన మెడికల్ కాలేజీకే ఇమ్మన్నారట సార్, రేపు తెస్తారట అని సిస్టరు పెట్టింది. అతనికి అప్పుడు చెప్పలేదు.

అతను పట్టకారు కొసతో తాకి ఆగాడు. థియేటర్‌లో ఎవరికీ పనిలేదు. నేను గడియారం వైపు చూడలేదు.

"సార్" అన్నాడు, తల ఎత్తకుండా. "ఇవాళ ఇంట్లో ఏం కూర?"

"దొండకాయయ్యా" అన్నాను.

ఇంకోచోట తాకాడు. ఆగాడు. మళ్లీ ఇంకోచోట.

"తూము చూశావా?" అని అడిగాను.

"లేదు సార్."

"బీపీ బాగానే ఉంది. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడు."

చూశాడు. నా జీవితంలో ఎప్పుడూ తొందరపెట్టకుండా కూర్చోనంతసేపు చూశాడు. తర్వాత పట్టకారు ట్రేలో పెట్టి కుట్టే సూది అడిగాడు.

తలుపు తెరుచుకుని అతను బయటికి వెళ్లగానే వరండాలో కుర్చీలు కదిలిన చప్పుడు. అత్తగారి గొంతు అనుకుంటాను, లోపలికి వినబడింది.

"ఏందయ్యా, కోసి ఊరికే కుట్టేశావా? చిటికెలో అయిపోద్దన్నారే!"

"కుట్టేశానమ్మా. కుడివైపు దారి కనబడలేదు. గుంటూరు తీసుకెళ్లండి, నేనూ వస్తాను. ముగ్గురు డాక్టర్లు కలిసి చెయ్యాలి. ఇప్పటికి ఆమెకి రెండు కిడ్నీలూ బాగున్నాయి."

"కిడ్నీలెవడడిగాడయ్యా నిన్ను? నొప్పికని తీసుకొస్తే!"

కిటికీలోంచి ఆరెంపీ కనబడ్డాడు. గేటు దగ్గర పక్కకి వెళ్లి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నరసరావుపేట నర్సింగ్‌హోం అన్న మాట ఒక్కటే నాకు వినబడింది.

ఆ అమ్మాయి మత్తులోంచి తేలుతోంది. గొంతులోని గొట్టం తీసేశాను. పెదాలు తడి చేశాను. కళ్లు సగం తెరిచి నన్ను చూసింది. ఆమె చెయ్యి తీసుకుని, జేబులో పెన్ను తీసి, మణికట్టు మీద ఒక గీతా, దాని కిందుగా ఇంకో గీతా గీశాను. ఈ గీతల్ని నరసరావుపేటలో ఎవరు చూస్తారో, అక్కడ ఆమె తల దగ్గర ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. నన్ను మాత్రం పిలవరు.

"అయిపోయిందాండి?" అంది.

"లేదమ్మా" అన్నాను. "ఇంకా అవలేదు."